అంజనంలో కనబడిన మనిషి

పోయిన నెల ఒక ఇంజనీరు నా కాళ్ళ కోసం వెతుక్కుంటూ హిందూపురంలో మా ఇంటికి వచ్చాడు. నడుము పట్టేసి పది రోజులైందట. బెంగుళూరులో స్కానింగులు తీయించాడు, ఇంజెక్షన్లు వేయించుకున్నాడు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు, అంటే తల్లి కడుపులోంచి తలకు బదులు కాళ్ళు ముందుపెట్టి వచ్చినవాళ్ళు, నడుము మీద మూడుసార్లు తొక్కితే పట్టు వదులుతుందని వాళ్ళత్త చెప్పిందట. "నాకు ఇట్లాంటివాటి మీద నమ్మకం లేదు మేడమ్," అని మొదలుపెట్టాడు. నమ్మకం లేని మనిషి చాప చంకన పెట్టుకొని వచ్చాడు. "అయితే దీనికొక సైంటిఫిక్ రీజన్ ఉండాది. మీ కాళ్ళల్లో పోలారిటీ రివర్సులో ఉంటాది, అయస్కాంతం తిరగేసినట్ల." నేను ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. నా కాళ్ళలో ఉన్నవి కీళ్ళవాతమూ రెండు వెండి మెట్టెలూ. ఈ వయసులో నీ నడుమెక్కితే పడేది నేనే, అప్పుడు నా నడుము ఎవరు తొక్కాలి అని అడిగి, కాఫీ ఇచ్చి పంపించాను.

మొక్కేవాళ్ళతో నాకు పేచీ లేదు. మా అవ్వ నూటికి తొంభై సంగతులు నమ్మేది, ఎందుకని అడిగితే "అదంతే" అనేది. ఆ మాటలో కనీసం అబద్ధం లేదు. నాకు ఒళ్ళు మండేది కారణాలు చెప్పేవాళ్ళను చూస్తే. ఒక సంగతి జరుగుతుందో లేదో చూడకముందే అది ఎందుకు జరుగుతుందో చెప్పే ఈ తెలివైనవాళ్ళను నేను తొమ్మిదో ఏటినుంచే ఎరుగుదును.

మాది పెనుకొండకు దగ్గర్లో ఒక పల్లె. తెల్లవారి అవ్వ వాకిట్లో పేడనీళ్ళు చల్లేసరికే నడుము పట్టిన మనుషులు ఇద్దరో ముగ్గురో వచ్చి గోడవారన కూర్చునేవాళ్ళు. శెనక్కాయలు పీకే కాలంలోనైతే అరుగు చాలేది కాదు. అవ్వ నన్ను నిద్రలేపి, మొహం కడిగించి, ఆ మనుషులను వరసగా బోర్లా పడుకోబెట్టి నా చేయి పట్టుకొని వాళ్ళ మీద నడిపించేది. ఆముదం, చెమట, పొగాకు కలిసిన వాసన ఒక్కొక్క వీపునుంచి ఒక్కో పాళ్ళలో వచ్చేది. రోజంతా వంగి పనిచేసినవాళ్ళు కాసేపు నేలమీద బోర్లా పడుకొని, ఒక పిల్ల బరువు వీపున మోస్తే ఎవరికైనా సుఖంగానే ఉంటుంది. మా ఇంటి మేకపిల్లను నడిపించినా అంతే సుఖంగా ఉండేది. కానీ మేకపిల్లకు దండం పెట్టరు, నాకు పెట్టేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళు దండం పెడితే దాని బుర్రలో ఏం జరుగుతుందో చెప్పడానికి శాస్త్రం అవసరం లేదు. నాకు పొగరెక్కింది.

మా నాయనకు ఒక స్నేహితుడుండేవాడు, శ్రీకంఠం సారు. పెనుకొండలో పిల్లలకు సైన్సు చెప్పేవాడు. ఆదివారమైతే సైకిలు మీద మా ఊరికి వచ్చి, సంగటీ ఊరిబిండీ తిని, సాయంత్రం దాకా నాయనతో మాట్లాడేవాడు. పెద్దవాళ్ళు చేసిన ప్రతి పనికీ భౌతికమైన కారణం ఉందని నిరూపించడం ఆయన జీవిత లక్ష్యం. దానికొక లావుపాటి నోటుబుక్కు పెట్టుకున్నాడు. అవ్వ మాకు దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి బాగా తగిలిందని లెక్క. మనిషి కంటినుంచి వెలువడే విద్యుత్తును మిరపకాయ పీల్చుకోవడం వల్ల దాని ఘాటు చచ్చిపోతుందని సారు రాసుకున్నాడు. అవ్వ ఆ పని చేసేది పెరట్లో, కొండగాలి విసురుగా కొట్టే చోట. ఒక్కసారి వంటింట్లో వేసి ఉంటే ఆ విద్యుత్తు సంగతి సారుకు దగ్గుతో సహా తెలిసేది. అయినా నాయన ఆయన మాటలు నోరు తెరుచుకొని వినేవాడు. సైన్సు చదివిన మనిషే చెప్తున్నాడంటే మనం చేసేదంతా సరైనదే అని ఆయనకు ధైర్యం.

ఆ ఏడాది అవ్వ కమ్మలు పోయాయి. ఏడురాళ్ళ కమ్మలు, ఆమె పెండ్లినాటివి. ఏదో ఊరి జాతరకు పోతూ దారిలో దొంగల భయమని తీసి ఇంట్లో దాచి పోయింది, వచ్చి వెతికితే దాచానన్నచోట లేవు. రెండు రోజులు ఇల్లంతా తిరగేశారు. మూడోనాడు కదిరి దిక్కునుంచి అంజనం వేసే సామిని పిలిపించారు. ఆముదపు దీపానికి పట్టిన మసిని నూనెలో నూరి నల్లటి కాటుక చేస్తారు, అదే అంజనం. అందులోకి చూస్తే పోయిన వస్తువు, తీసిన మనిషి కనబడతారట. అందరికీ కనబడరు, ఎదురుకాళ్ళతో పుట్టిన పిల్లలకే కనబడతారు. సామి వస్తూనే అట్లాంటి పిల్ల ఎవరున్నారని అడిగాడు. ఇల్లంతా నావైపు తిరిగింది.

మధ్యాహ్నం పూట నడింట్లో నన్ను తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. మా ఇంటి వాకిలి పడమర దిక్కు, నా వీపు వెనక ఉంది. సామి ఒక కంచుగిన్నె బోర్లించి, దాని గుండ్రటి వీపు మీద ఆ కాటుక నిగనిగలాడేట్టు పూసి నా ఒళ్ళో పెట్టాడు. నాయన, అవ్వ, చిన్నాయన నా ఎదురుగా కూర్చొని నా మొహమే చూస్తున్నారు. సాంబ్రాణి పొగకు నా కళ్ళు నీళ్ళు కారుతున్నాయి.

"ఏం కనబడతాంది పాపా," అన్నాడు సామి.

"తెల్లగా, పలక మాదిరి ఉండాది."

"అదే స్వామి కూచునే పీట. బాగా చూడు. ఎవురన్నా వస్తాండారా?"

నేను చూశాను. నిజంగానే చూశాను. ఆ తెల్లటి పలకలోకి చీమంత మనిషి ఒక పక్కనుంచి వచ్చింది.

"ఎవురో వస్తాండారు. ఆడమనిషి. నెత్తిన గంపుండాది."

"ఏం చీర?"

"ఎర్రగుండాది."

"యాడికి పోతాండాది?"

"ఈ పక్కనుంచి ఆ పక్కకు పాయ. ఇంగ లేదు."

అవ్వ తొడ మీద చరుచుకుంది. "ఇంగెవురు, ఎస్తేరమ్మే," అంది.

ఎస్తేరమ్మ మా ఇంట్లో కసువు ఊడ్చి, పేడ ఎత్తి, శెనక్కాయలు కొట్టిపెట్టే మనిషి. కూలి చేసుకొని బతికే సంసారం వాళ్ళది. ఆదివారం పొద్దున ప్రార్థనకు పోయి, మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేది. ముప్పై ఏళ్ళు కూడా ఉండవేమో. నాకు తల దువ్వేటప్పుడు చిక్కు తగిలితే కుదురు దగ్గర పట్టుకొని, నొప్పి తెలియకుండా తీసేది. ఆరోజు ఆమె మా వాకిట్లోనే పని చేస్తోంది. నాయన కూర్చున్నచోటునుంచే "ఏమ్మే ఎస్తేరమ్మా, ఇట్ల రా" అని కేకేశాడు. ఆ కేకకు నేను వెనక్కి తిరిగాను.

వాకిలి తెరిచి ఉంది. బయట ఎండ తెల్లగా, పలక మాదిరి, అచ్చం నేను గిన్నెలో చూసిన ఆకారంలోనే ఉంది. అందులోకి ఒక పక్కనుంచి ఎర్రచీర కట్టుకొని, నెత్తిన పేడగంపతో ఎస్తేరమ్మ వచ్చింది. నాకు అర్థమయింది. తొమ్మిదేళ్ళ పిల్లకు కుంభాకార దర్పణం అనే మాట తెలియదు, కానీ నా వెనక ఉన్నదే నా ఒళ్ళో కనబడిందని మాత్రం ఆ క్షణంలోనే తెలిసింది. గిన్నెకు నల్లరంగు పూసి అద్దం చేశారు, అంతే.

ఎస్తేరమ్మ గంప దించి గడప అవతల నిలబడింది. నాయన కమ్మలు యాడ పెట్టినావని అడిగాడు. తీయలేదంది. అంజనంలో కనబడిందని అవ్వ చెప్పింది. ఎస్తేరమ్మ పెద్దవాళ్ళతో వాదించలేదు. నా మొహంలోకి చూసి, "పాపా, నన్ను చూసినావా నువ్వు," అని అడిగింది.

"చూసినా," అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఇన్నేళ్ళలో నేను చెప్పిన మాటల్లో అంతకన్నా నీచమైనది ఇంకొకటి లేదు.

రేపటినుంచి ఇంటికి రావద్దని నాయన చెప్పాడు. పోలీసులకు చెప్పకపోవడం తన మంచితనమని ఆయన అనుకున్నాడు. అంజనం పేరు చెప్పగానే ఊళ్ళో ఇంకెవరూ ఆమెను పనికి పిలవలేదు. నెల తిరక్కముందే మొగుడూ పెళ్ళామూ పిల్లవాణ్ణి ఎత్తుకొని ధర్మవరం దిక్కు పోయారని విన్నాం. నేను మాత్రం ఆ రాత్రి నాయన పక్కన పీట వేసుకొని కూర్చొని అన్నం తిన్నాను. మా ఇంట్లో మొగవాళ్ళు లేచిన తర్వాతే ఆడపిల్లలకు వడ్డించేవాళ్ళు. ఆ రోజునుంచి నాకు ఆ నియమం లేదు. నెయ్యి కూడా ముందు నాకే వేసేవాళ్ళు. ఆ పీట వదులుకోలేక నోరు మూసుకున్నాను. భయం వల్ల అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను కానీ భయం కాదు, నెయ్యి.

తరువాతి ఆదివారం శ్రీకంఠం సారు వచ్చాడు. సంగతి విని ఆయన మొహం వెలిగిపోయింది. నాకు లోపల ఒక ఆశ పుట్టింది. ఇంత చదువుకున్న మనిషి కదా, ఒక్క చూపులో వాకిలిని పట్టుకుంటాడు, నేను చెప్పే పని తప్పుతుంది అనుకున్నాను. సారు దిక్సూచి తెచ్చి నా నుదుటి దగ్గర పెట్టి ముల్లు కదులుతుందేమో చూశాడు. నాడి పట్టుకొని గడియారం చూశాడు. తల ముందుగా రాకపోవడం వల్ల నా మెదడుకు రక్తం వేరే దారిలో వెళ్తోందనీ, నలుపు వెలుగును పీల్చుకొని దాచిపెట్టుకుంటుంది గనక జరిగిపోయినవాటి కిరణాలు అంజనంలో నిలిచి ఉంటాయనీ నాయనకు వివరించాడు. తర్వాత ప్రయోగం చేయాలన్నాడు. అదే గిన్నెకు అదే కాటుక పూసి, నన్ను అదే చోట కూర్చోబెట్టాడు. ఉక్కగా ఉందని తాను మాత్రం కుర్చీ తీసుకుపోయి నా వెనక గడప దగ్గర, గాలి తగిలే చోట కూర్చున్నాడు.

"ఏం కనబడుతోంది?"

"ఒక మొగమనిషి కూచోనుండాడు. కళ్ళద్దాలు పెట్టుకోనుండాడు."

"ఏం చేస్తున్నాడు?"

"రాసుకుంటాండాడు."

నాయన సారువైపు చూసి, "సారూ, అది మీరే గదప్పా," అన్నాడు. దొరికిపోయానని ఎంత సంతోషమైందో చెప్పలేను. సారు కలం ఆపి కాసేపు ఆలోచించాడు. "టెలిపతీ," అన్నాడు. "నేను రాసుకుంటున్నానన్న ఆలోచన నా మెదడులోంచి తరంగాలుగా పోయి పాపకు తగులుతోంది." ఆ సంగతి కూడా రాసుకున్నాడు. గిన్నెలో ఆ మనిషి కూడా తల వంచి రాసుకున్నాడు. వాకిలి మూసి ఒక్కసారి చూద్దామని ఆయనకు తోచలేదు. గిన్నెలోకి తాను ఒకసారి తొంగి చూడాలని తోచలేదు. నిజంగా నీకు ఏమనిపించింది తల్లీ అని నన్ను అడగాలని అసలే తోచలేదు.

ఎనిమిది నెలల తర్వాత కొత్త చింతపండు వచ్చింది. పాత కుండ కడగడానికి అవ్వ అడుగున మిగిలినదాన్ని గీకుతుంటే కమ్మలు బయటపడ్డాయి, గుడ్డలో మూటకట్టి. జాతరకు పోయేముందు ఆమే అక్కడ కుక్కి మరిచిపోయింది. కుంకుడునురుగులో వేసి తోమి, చెవులకు పెట్టుకొని, అద్దంలో చూసుకుంది. నేను పక్కనే నిలబడి, "ఎస్తేరమ్మకు చెప్పొద్దా అవ్వా," అన్నాను.

"యాడుండాదో ఏమో. పోయినోళ్ళను ఎతుక్కుంటా పోతారా ఎవురన్నా," అంది.

సారుకు తెలిసినప్పుడు ఆయన అరగంటసేపు బాధపడి, తర్వాత తేరుకున్నాడు. చింతపండులోని పులుపు బంగారం నుంచి వచ్చే తరంగాలను అడ్డుకుందట. శక్తి నిజమే, ఆమ్లం అడ్డమొచ్చింది అన్నాడు. ఆయన పుస్తకంలో ఓడిపోయిన ప్రయోగం ఒక్కటి కూడా ఉండి ఉండదు. ఊళ్ళో జనం మునుపటిలాగే తెల్లవారగానే వీపులు తెచ్చుకున్నారు. నేను తొక్కాను.

చదువుకొని, టీచరునై, పెళ్ళయి, ఇద్దరు పిల్లల తల్లినైన తర్వాత నన్ను ధర్మవరం మార్చారు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల బడి మానేసింది. పిలుచుకొద్దామని ఒక సాయంత్రం మగ్గాల వీధికి పోయాను. ఇంటింటా మగ్గం చప్పుడు, తడిసిన పట్టుకు వచ్చే ఒకరకమైన నీచువాసన. ఆ పిల్ల ఇంట్లో, రాట్నం ముందు కూర్చొని నూలు చుడుతున్న ముసలామె తల ఎత్తి చూసింది. నేను గుర్తుపట్టేలోపే ఆమె గుర్తుపట్టింది. "కొండకిందోళ్ళ పాపవు గదా నువ్వు," అంది. ఊళ్ళో మా ఇంటిని అట్లనే పిలిచేవాళ్ళు. బడి మానేసిన పిల్ల ఆమె మనవరాలు.

నేను పిల్ల సంగతి మరిచిపోయి, రాట్నం పక్కన నేలమీద కూర్చొని అంతా చెప్పాను. గిన్నె, వాకిలి, ఎండ, చింతపండు కుండ. ఎస్తేరమ్మ నూలు చుడుతూనే విన్నది.

"కమ్మలు దొరికినాయా," అంది చివరికి.

"ఆ యేడే దొరికినాయి."

"ఊర్లో చెప్పినారా?"

"లేదు."

తెగిన పోగును ముడివేసి మళ్ళీ రాట్నం తిప్పింది. తర్వాత ఆమె అంది. "మీ నాయన కేకేసినప్పుడు నువ్వు ఎనిక్కి తిరిగి వాకిలి దిక్కు చూసినావు. నీ మొగం మారిపాయ. పాపకు తెలిసింది, ఇంగ చెప్తాది అనుకొన్యా. అందుకే నిన్ను అడిగినా. తెలుసుకుందామని కాదు."

"నాకు తొమ్మిదేండ్లు ఎస్తేరమ్మా."

"అవును. నా కొడుక్కు ఆరు. వాడు గూడా ఆ పొద్దు మీ వాకిట్లోనే ఉండె."

కొడుకు లోపలి గదిలో మగ్గం మీద ఉన్నాడు. చప్పుడు ఆగలేదు. ఆయన విన్నాడో లేదో నాకు తెలియదు. మనవరాలిని మాత్రం మరుసటి సోమవారం ఎస్తేరమ్మే చేయి పట్టుకొని బడికి తెచ్చింది. నాతో ఒక్కమాట కూడా మాట్లాడకుండా తరగతిలో వదిలిపోయింది.

ఆ వారమే మా ఊరికి పోయాను. అవ్వ అప్పటికి లేదు. నాయనతో చెప్తే, "ఇప్పుడు దాన్ని తవ్వితే ఏమొస్తాదిమ్మా," అన్నాడు. రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దవాళ్ళకు చెప్పాను, ఎస్తేరమ్మ వీధిలో వాళ్ళ వాళ్ళకూ చెప్పాను. ఆమె వీధివాళ్ళు చివరిదాకా విన్నారు. రచ్చబండ మీద ఒకాయన, "ఏమైనా గానీ పాప కాళ్ళల్లో శక్తి ఉండె," అన్నాడు. నాకు శక్తి లేదని నిరూపించుకోవడానికి ఆరోజు నేను పడ్డ పాట్లు, ఉందని నిరూపించడానికి సామి కూడా పడి ఉండడు.

ఇప్పుడు కాలం మారిందంటారు. సామి పోయి ట్రైనర్ వచ్చాడు, కాటుక పోయి నల్లటి గంతలు వచ్చాయి. మా అబ్బాయి ప్రసాదు ఇక్కడే ఒక కంపెనీలో మేనేజరు. వాడి కూతురు హర్షితకు తొమ్మిదేళ్ళు. పిల్లలకు మెదడు మధ్యభాగాన్ని నిద్రలేపి, కళ్ళకు గంతలు కట్టినా చదివేలా చేసే క్లాసులో చేర్పించాడు. ఈమధ్య హిందూపురంలోనే ఒక ఫంక్షన్ హాలులో ప్రదర్శన పెట్టారు. నేనూ పోయాను. పిల్ల గంతలు కట్టుకొని, గడ్డం కాస్త పైకెత్తి, ముక్కు పక్క సందులోంచి కిందికి చూస్తూ పుస్తకం చదివింది. హాలంతా చప్పట్లు. మా వాడి కళ్ళల్లో నీళ్ళు. "చర్మానికి గూడా వెలుగు తగులుతాదిమ్మా, దాని ఫ్రీక్వెన్సీని మెదడు పట్టుకుంటాది," అని నాకు వివరించాడు. వాడికి ప్రతిబింబాల పాఠం చెప్పింది నేనే.

ఇంటికొచ్చాక పిల్లను పెరట్లోకి పిలిచి, "ముక్కు పక్కనుంచి కనబడతాందా," అని అడిగాను. చాలాసేపు చెప్పులతో మట్టి గీకింది.

"అందరికీ అట్లనే కనబడతాది అవ్వా."

"మరి మీ నాన్నకు చెప్పలేదా?"

"నాన్న ఎంత సంతోషంగా ఉండాడో చూసినావు గదా," అంది.

ఆ రాత్రే నా ఎదుటే దానిచేత చెప్పించాను. ప్రసాదు కోప్పడలేదు, ముద్దు కూడా పెట్టలేదు, లేచి టీవీ పెట్టుకున్నాడు. క్లాసు మాత్రం మాన్పించాడు. పోయిన ఆదివారం కోడలి తరఫు చుట్టాలు వచ్చి, పాప గంతలు కట్టుకొని చదువుతుందట కదా, ఒకసారి చూపించండి అన్నారు. "మాన్పించినామండీ," అన్నాడు ప్రసాదు. "మెదడు మీద లోడు ఎక్కువై కంటి నరాలకు స్ట్రెయిన్ అవుతాంది. డెవలప్ అయిన పిల్లల్లో అది కామన్." చుట్టాలు గౌరవంగా తలలూపారు. హర్షిత పళ్ళెంలోని మిక్చరు చూసుకుంటూ కూర్చుంది, చెవులు ఎర్రబడ్డాయి.

"దాని కండ్లు శుభ్రంగా ఉండాయి," అన్నాను నేను. "గంతల కిందనుంచి చూసి చదువుతాండె. మాకు అదే చెప్పింది."

ప్రసాదు మొహం మాడిపోయింది, నాతో మూడు రోజులు మాట్లాడలేదు. హర్షిత మాత్రం అప్పటికప్పుడే పళ్ళెం నావైపు జరిపి, "తిను అవ్వా," అంది.